పేపర్లు పెట్టేశాడట!

శుక్రవారం సాయంత్రం నాలుగున్నర. మాదాపూర్‌లో ఓ ఆఫీసు, ఆరో అంతస్తు క్యాంటీన్. బల్ల మీద కిలో బ్లాక్ ఫారెస్ట్ కేకు. పైన 'ఆల్ ద బెస్ట్' అని రాసి, కింద పేరులో ఒక అక్షరం తప్పు వేశారు. చుట్టూ పాతికమంది చేరారు. వాళ్లలో సగంమందికి వెళ్లిపోతున్న మనిషి పేరు ఆ కేకు చూశాకే తెలిసింది, అదీ తప్పుగా. మేనేజరు రెండు ముక్కలు మాట్లాడాడు. వెళ్లే కుర్రాడు 'టచ్‌లో ఉందాం' అన్నాడు. పేపరు ప్లేట్లలో కేకు, నాలుగు చిప్స్, ఒక గ్రూప్ ఫొటో. అయిదయ్యేసరికి ఎవరి కాల్‌లోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆ నెలలో అది నాలుగో కేకు.

పదకొండేళ్లు ఐటీలో పనిచేసినవాణ్ని. ఇలాంటి కేకులు ఎన్ని తిన్నానో లెక్క లేదు. నా పేరు మీద కూడా రెండు కోశారు.

నూటికి ఇరవై ఎనిమిది

రాజీనామా ఇవ్వడాన్ని మావాళ్లు 'పేపర్లు పెట్టడం' అంటారు. నిజానికి ఇప్పుడు పేపరేమీ లేదు. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ఓ బటన్ నొక్కడమే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చేసే కంపెనీల్లో పేరున్న డార్విన్‌బాక్స్, కేకా రెండూ హైదరాబాద్‌వే. ఉద్యోగాలతో పాటు ఉద్యోగం మానేసే ఏర్పాటు కూడా మన ఊళ్లోనే తయారవుతోందన్నమాట.

మానేసేవాళ్ల లెక్కకు 'అట్రిషన్' అని పేరు. గడిచిన పన్నెండు నెలల్లో తమంతట తాము వెళ్లిపోయినవాళ్లు నూటికి ఎంతమందో చెబుతుంది. 2021 జనవరి-మార్చిలో టీసీఎస్‌లో ఇది 7.2 శాతం. అంత తక్కువ ఆ కంపెనీ అంతకుముందెప్పుడూ చూడలేదు. కరోనా భయంతో ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయిన రోజులవి. ఏడాదిన్నర తిరిగి 2022 జులై-సెప్టెంబరు వచ్చేసరికి అక్కడే అది 21.5కి చేరింది. ఇన్ఫోసిస్‌లో 2022 ఏప్రిల్-జూన్ లెక్క 28.4. నలుగురిలో ఒకరికంటే ఎక్కువే వెళ్లిపోయారు. లోకమంతా ఒక్కసారిగా ఆన్‌లైన్ బాట పట్టింది, అమెరికాలో పెట్టుబడి చవగ్గా దొరికింది, ఇంట్లో కూర్చునే ఇంటర్వ్యూ ఇచ్చే వీలు కుదిరింది. ఒక్కో డెవలపర్ చేతిలో మూడేసి, నాలుగేసి ఆఫర్లు. ఆ పండగ ఎన్నాళ్లో సాగలేదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది.

ఈ శాతాల్లో ఓ కిటుకుంది. 'తమంతట తాము' అన్న మాట. గదిలోకి పిలిచి, 'నువ్వే రిజైన్ చేసెయ్, రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం' అంటే చేసిన రాజీనామా కూడా కాగితం మీద రాజీనామానే.

పెద్ద కంపెనీలు షేర్‌హోల్డర్ల కోసం మూడు నెలలకోసారి ఈ అంకె బయటపెడతాయి. రెండొందలు, మూడొందలమందితో ఏపుగా ఎదుగుతున్న కంపెనీలు ఎవరికీ చెప్పవు. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది. ఓ చిన్న లెక్క వేద్దాం. వందమంది ఉన్న కంపెనీ ఏడాదిలో నూటయాభై కావాలనుకుంది. ఆ ఏడే పాతికమంది మానేశారు. అప్పుడు కొత్తగా తీసుకోవాల్సింది యాభైమందిని కాదు, డెబ్బై అయిదుమందిని. ఏడాది చివర తలలు లెక్కపెడితే పాతవాళ్లు డెబ్బై అయిదు, కొత్తవాళ్లు డెబ్బై అయిదు. అట్రిషన్ పాతిక శాతమే, కానీ సగం ఆఫీసుకు బాత్రూమ్ ఎటో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఇదే వేగం మరో ఏడాది సాగితే మొదటి వందమందిలో మిగిలినవాళ్లు మొత్తం జనంలో నాలుగో వంతుకు దిగిపోతారు.

హైదరాబాద్ మొత్తం అలాంటి కంపెనీయే. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ రాళ్లూ తుప్పలే. తెలంగాణ ప్రభుత్వ లెక్కల్లో 2013-14లో 3.23 లక్షలున్న ఐటీ ఉద్యోగులు 2022-23కల్లా 9.05 లక్షలయ్యారు. తొమ్మిదేళ్లలో దాదాపు మూడు రెట్లు. ఇంత వేగంగా పెరిగిన చోట పని నేర్పే పెద్దవాళ్లు ఎప్పుడూ తక్కువే పడతారు. పాతిక దాటినవాడు టీమ్ లీడ్, ముప్పై దాటినవాడు మేనేజరు. మనుషులతో ఎలా మెలగాలో వాళ్లకు ఎవరు నేర్పారు? సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే అమీర్‌పేటలో దానికి కోచింగ్ లేదు.

'అన్న' పోయి అపాయింట్‌మెంట్ వచ్చె

నేను చేరేనాటికి మా కంపెనీలో నలభైమందిమి. కొండాపూర్‌లో ఓ డూప్లెక్స్ ఇల్లే ఆఫీసు. పై బెడ్‌రూమ్‌లో సేల్స్, కింద హాల్లో మేము. కంపెనీ పెట్టినాయన్ని 'అన్నా' అని పిలిచేవాళ్లం. మధ్యాహ్నం వంటావిడ చేసిన పప్పుచారు, వేపుడు అందరం ఒకే పొడుగాటి బల్ల దగ్గర తినేవాళ్లం. ఎవరి మీద ఎవరికి కోపమో పెరుగన్నం దాకా వచ్చేసరికి తేలిపోయేది. తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ అక్కడే తీసుకునేవాళ్లం. చేయి కడుక్కునేలోపు పని ఎవరిదో కూడా ఖాయమయ్యేది.

నూట పాతిక దాటాక బెంగళూరు నుంచి ఓ వైస్ ప్రెసిడెంట్ వచ్చాడు. రెండొందలు దాటాక కల్చర్ కమిటీ పడింది. 'ఓనర్‌షిప్', 'ట్రాన్స్‌పరెన్సీ', 'కస్టమర్ ఫస్ట్' అనే మాటలు రంగురంగులుగా గోడలెక్కాయి. కొత్తవాళ్లు కంపెనీ పెట్టినాయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు, అది ఇంటర్నేషనల్ పద్ధతి. మేమెవరమైనా నోరుజారి 'అన్నా' అంటే వింతగా చూసేవాళ్లు. పేరు పెట్టి పిలిచే చనువైతే వచ్చింది. ఆయన్ని కలవాలంటే మాత్రం క్యాలెండర్‌లో పదిహేను నిమిషాలు అడుక్కోవాల్సి వచ్చింది.

ఆయన చెడ్డవాడేం అయిపోలేదు. మూడొందలమందికి ఒకే బల్ల ఎవరూ వేయలేరు. బల్ల తీసేసిన చోట ఇంకేమీ పెట్టలేదు, అదీ తప్పు. కష్టం చెప్పుకోవడానికి చోటు, తప్పును తప్పని అనడానికి వేళ, ఎందుకిలా చేస్తున్నామో అడిగితే జవాబిచ్చే మనిషి... ఆ బల్ల దగ్గర ఇవన్నీ ఉచితంగా దొరికేవి. వాటి బదులు గోడ మీద పోస్టరు దిగింది.

అప్పుడే టౌన్‌హాల్ మీటింగుల్లో 'మనమంతా ఒక కుటుంబం' అనే మాట మొదలైంది. బల్ల ఉన్న రోజుల్లో ఆ మాట ఎవరూ అనలేదు. 2009లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ కంపెనీ పద్ధతులను స్లైడ్లుగా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. మేం కుటుంబం కాదు, ఆటల జట్టులాంటివాళ్లం, ఏదో ఫర్వాలేదనిపించేలా పనిచేసేవాళ్లకు మంచి పరిహారమిచ్చి పంపేస్తాం అన్నది వాటి సారం. చదివితే గుండె జల్లుమంటుంది కానీ మోసం లేదు. మన దగ్గర మాటలు కుటుంబానివి, లెక్కలు జట్టువి. ఏ ఇంట్లోనైనా పిల్లల్ని బెల్ కర్వ్ మీద పెట్టి, చివరి పదోవంతుకు 'ఆశించినంతగా లేరు' అని రాసిస్తారా? కుటుంబం గుర్తొచ్చేది రాత్రి పదింటి అమెరికా కాల్‌కు, శనివారం రిలీజుకు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ వారానికి 90 గంటలు పనిచేయాలని, ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్యను చూస్తారని అన్నందుకు దేశమంతా విరుచుకుపడింది. మనవాళ్లు ఆ చర్చను అదే కంపెనీ కట్టిన హైదరాబాద్ మెట్రోలో, అమీర్‌పేట నుంచి రాయదుర్గం పోతూ చదువుకున్నారు.  

ప్రింటర్ ట్రేలో కాగితం

నా మొదటి రాజీనామాకు కారణం ఒక ప్రింటర్. మా ఫ్లోర్‌లో అందరికీ కలిపి ఒకటే ఉండేది. ఆధార్ జిరాక్స్ తీసుకుందామని వెళితే ట్రేలో ఎవరో మరిచిపోయిన ఆఫర్ లెటర్ కనిపించింది. సోమవారం మా టీమ్‌లో చేరబోయే అతనిది. నా హోదానే. అనుభవం నాకంటే రెండేళ్లు తక్కువ. జీతం నాకంటే దాదాపు సగం ఎక్కువ. కాగితాన్ని బోర్లా పెట్టి వచ్చేశాను. సోమవారం అతనికి సిస్టమ్ సెటప్ నేనే చేసిచ్చాను. రెండు నెలలు పని నేర్పాను. మంచి కుర్రాడు, అతని మీద నాకేం కోపం లేదు. కానీ ఆ కాగితం చూసిన సాయంత్రమే నౌక్రీ వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ అప్‌డేట్ చేశాను. మర్నాడు తొమ్మిదింటికల్లా రిక్రూటర్ ఫోన్లు మొదలయ్యాయి.

కంపెనీలో బడ్జెట్లు రెండుంటాయి. హైక్‌ల బడ్జెట్ గీసి గీసి ఇస్తారు. కొత్తవాళ్లను తెచ్చే బడ్జెట్ మార్కెట్ రేటును బట్టి సాగుతుంది. ఉన్నవాడికి పది శాతం పెంచమంటే రూల్ ఒప్పుకోదు. అతను వెళ్లాక అదే కుర్చీకి నలభై శాతం ఎక్కువిచ్చి ఇంకొకరిని తెస్తే మాత్రం ఒప్పుకుంటుంది. పైగా కన్సల్టెన్సీ కమిషన్, కొత్తవాడు పని అందుకునేదాకా పోయే నెలలు. ఎదుగుతున్న కంపెనీలో అందరికీ తెలిసిన తెలివితక్కువ లెక్క ఇది. ఏ బడ్జెట్ షీట్‌లోనూ ఒక్కచోట కనపడదు కాబట్టి సాగిపోతూ ఉంటుంది.

ఆఫర్ లెటర్‌లో ఇంకో తమాషా ఉంటుంది. సీటీసీ (మొత్తం ప్యాకేజీ) లెక్కలో 'గ్రాట్యుటీ' అని ఒక వరుస, మూల వేతనంలో 4.81 శాతం. బేసిక్ నెలకు 40 వేలైతే ఇది నెలకు 1,924 రూపాయలు. రెగ్యులర్ ఉద్యోగికి ఆ డబ్బు చేతికి రావాలంటే అయిదేళ్లు ఉండాలి. రెండేళ్లకో కంపెనీ మారేవాడు ఆ డబ్బును తన ప్యాకేజీలో చూసుకుని మురుస్తాడు, పెళ్లి సంబంధాల్లో చెప్పుకుంటాడు, ఒక్కసారీ కళ్లజూడడు.

'మళ్లీ మారుతున్నావా? ఏరా, వాళ్లేమన్నా అన్నారా నిన్ను?' అని అడిగారు నాన్న. కరెంటాఫీసులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరైన మనిషి. ఎవరూ ఏమీ అనకపోయినా మానేయొచ్చన్నది ఆయనకు ఇప్పటికీ మింగుడు పడదు.

జనం ఇలా మానేసి వెళ్లిపోయే జబ్బు ఇవాళ్టిది కాదు. 1913లో అమెరికాలో వేగంగా ఎదుగుతున్న టెక్నాలజీ కంపెనీల్లో ఒకటి హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ. అసెంబ్లీ లైన్ పెట్టాక పని యంత్రంలా మారి, జనం వచ్చినట్టే వచ్చి పారిపోయారు. ఆ ఏడాది అక్కడ అట్రిషన్ 370 శాతం. అంటే ఒక్కో స్థానానికి ఏడాదిలో ముగ్గురు, నలుగురు మారారు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజు కూలిని 2.34 డాలర్ల నుంచి 5 డాలర్లకు పెంచి, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. గేటు ముందు విరగబడ్డ జనాన్ని చెదరగొట్టడానికి గడ్డకట్టే చలిలో నీళ్లగొట్టాలు వాడాల్సి వచ్చింది. ఇంతవరకూ చాలామంది చెబుతారు. చెప్పనిది ఒకటుంది. ఆ అయిదు డాలర్లలో దాదాపు సగం లాభంలో వాటా. అది అందాలంటే కార్మికుడు 'సక్రమంగా' బతుకుతున్నట్టు రుజువు కావాలి. దానికోసం ఫోర్డ్ ఓ ప్రత్యేక విభాగమే పెట్టాడు. దాని మనుషులు ఇళ్లకు వచ్చి తాగుతున్నారా, దాచుకుంటున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి రాసుకునేవారు. జీతం పెంచినవాడు ఇంట్లోకి తొంగిచూసే హక్కు కూడా కొనుక్కున్నాననుకున్నాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల మౌస్ కదులుతోందో లేదో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ చూసినప్పుడల్లా నాకు ఆ విభాగమే గుర్తొస్తుంది.

తొంభై రోజులు

కంపెనీ సంస్కృతి ఎలాంటిదో తెలుసుకోవాలంటే చేరేరోజు ఇచ్చే బ్యాగూ, టీషర్టూ, వాటర్ బాటిలూ చూడొద్దు. పేపర్లు పెట్టినవాడి తొంభై రోజులు చూడండి.

మన ఐటీలో నోటీసు పీరియడ్ చాలాచోట్ల తొంభై రోజులు. కొత్తవాడేమో పదిహేను రోజుల్లో చేరిపోవాలి, ఉన్నవాడు మాత్రం మూడు నెలల దాకా కదలకూడదు. రెండూ అడిగేది ఒకే హెచ్‌ఆర్. ఈ తొంభై రోజుల్లో ఏం జరుగుతుంది? చేతిలో ఒక ఆఫర్ ఉన్నవాడు దాన్ని చూపించి ఇంకోటి, దాన్ని చూపించి మరోటి తెచ్చుకుంటాడు. తీరా చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తడు. 2022లో కంపెనీలు 'అభ్యర్థుల్లో నైతికత పోయింది' అని గోలపెట్టాయి. మూడు నెలలు ఖాళీగా కూర్చోబెట్టి సంత చూపించింది ఎవరు మరి?

చట్టం సంగతీ చెప్పాలి. మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. అలాగని ప్రతి బాండూ చెల్లదనుకోవద్దు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. 'ఫుల్ అండ్ ఫైనల్' కోసం నలభై అయిదు రోజులు ఎదురుచూడటం అలవాటైన మావాళ్లు ఇది చదివి నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా, గుర్తుపెట్టుకోండి.

ఇక నేను చూసిన వీడ్కోళ్లు రెండు.

మా దగ్గర బిల్లింగ్ చూసే కుర్రాడు పేపర్లు పెట్టాడు. అతని మేనేజరు ఆ రోజే టీమ్‌ని కూర్చోబెట్టి 'మంచి చోటికి వెళ్తున్నాడు, ఈ మూడు నెలల్లో ఇతని దగ్గర నేర్చుకోగలిగినంత నేర్చుకోండి' అన్నాడు. కేటీ, అంటే తన పని ఇంకొకరికి అప్పజెప్పడం, రోజుకో గంట పద్ధతిగా జరిగింది. ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్ సాయంత్రానికల్లా చేతికిచ్చారు. అందరం కలిసి టిఫిన్‌కు వెళ్లాం.

ఏడాది తర్వాత పేమెంట్స్ చూసే అమ్మాయి మానేసింది. అప్పటికి మేనేజరు వేరు. మర్నాడు పొద్దున్నే ఆమెను టీమ్ వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. లంచ్‌కు పిలవడం మానేశారు. మూడు నెలలూ మిగిలిన చెత్తపనంతా ఆమె నెత్తిన వేశారు. కేటీ అంటే నలభై గంటల వీడియో రికార్డింగు, ఎవరూ చూడనిది. లాప్‌టాప్ ఛార్జర్ వేరేదిచ్చిందని రిలీవింగ్ లెటర్ రెండు నెలలు ఆపారు. ఆ కాగితం లేక కొత్త కంపెనీలో ఆమె బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఆగిపోయింది.

ఒక నెలాఖరు రాత్రి ఇన్వాయిసులు వెళ్లడం ఆగిపోయింది. పన్నెండు దాటింది. నలుగురం కోడ్ తవ్వుతున్నాం. ఓ చోట కామెంటు: 'దీన్ని కదపొద్దు. కదిపేముందు నన్నడగండి.' ఎవరా 'నేను' అని చూస్తే ఎప్పుడో వెళ్లిపోయిన బిల్లింగ్ కుర్రాడు. డాలస్‌లో ఉన్నాడు. అక్కడ మధ్యాహ్నం భోజనం వేళ. అయిదో రింగుకు ఎత్తి, 'ఇంకా అది మార్చలేదా అన్నా మీరు!' అని నవ్వి, ఆరు నిమిషాల్లో విషయం చెప్పేశాడు. ఇంకో నాలుగు నెలలకు పేమెంట్స్‌లో అలాంటిదే వచ్చింది. ఆ అమ్మాయికి మూడుసార్లు చేశాం. ఎత్తలేదు. దాన్ని సరిచేయడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. తప్పు ఆమెది కాదు.

కంపెనీ వాళ్లు గమనించనిది ఇంకొకటుంది. ఆ అమ్మాయిని ఎలా సాగనంపారో మిగతా పద్నాలుగుమందీ కుర్చీల్లో కూర్చుని చూశారు. ఎవరూ నోరెత్తలేదు. ఏడాది తిరిగేలోపు ఆ టీమ్‌లో మిగిలింది ముగ్గురు.

ఎగ్జిట్ ఇంటర్వ్యూలో ఇవేవీ రావు. రెండు నెలల క్రితం చేరిన హెచ్‌ఆర్ అమ్మాయి ఫారం ముందు పెట్టి కారణం టిక్ చేయమంటుంది. 'మెరుగైన అవకాశం', 'పై చదువులు', 'వ్యక్తిగతం'. పద్నాలుగు నెలల్లో ముగ్గురు మేనేజర్లు మారారని రాయడానికి అందులో గడి లేదు. ఉన్నా ఎవరూ రాయరు, రేపు రిఫరెన్స్ కావాలంటే వీళ్లనే అడగాలి. నిజాలన్నీ కింద టీబండి దగ్గరే రాలుతాయి.

లెక్కలో లేని మనిషి

మా ఫ్లోర్‌లో కిటికీ పక్కన మనీప్లాంట్ల వరుస ఒకటి ఉండేది. మానేసినవాళ్లు డెస్కుల మీద వదిలేసి వెళ్లిన మొక్కల్ని హౌస్‌కీపింగ్ అక్క ఒక్కొక్కటే తెచ్చి అక్కడ చేర్చేది. సాస్ సీసాలో ఒకటి, పగిలిన కాఫీ మగ్గులో ఒకటి. కొత్త మొక్క కనిపిస్తే ఎవరో వెళ్లినట్టు. నేను పేపర్లు పెట్టిన వారానికి నా డెస్కు దగ్గర ఆగి, 'ఏం సార్, మీరు గూడ పోతున్నరా? మంచిగుండె గదా ఈడ' అంది. నా మొక్క వైపు ఓసారి చూసింది.

డూప్లెక్స్ రోజుల నుంచీ ఉన్న మనిషి. కంపెనీలో ఆమెకంటే ముందు నుంచీ ఉన్నది ఒక్క పెట్టినాయనే. కానీ ఆమె కాంట్రాక్టర్ మనిషి. ఆమె ఉంటే కంపెనీ రిటెన్షన్ పెరగదు, పోతే అట్రిషన్ పెరగదు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ట్యాగు రంగు మారి, సర్వీసు మళ్లీ మొదటి రోజు నుంచి మొదలయ్యేది. అయిదేళ్లు పూర్తి చేసినవాళ్లకు కంపెనీ వెండి నాణెం ఇచ్చే సభలో కుర్చీలు సర్దింది ఆవిడే.

ఈమధ్య మా తమ్ముడి కొడుక్కి మూడు ఆఫర్లొచ్చాయి. ఏది తీసుకోవాలి పెదనాన్నా అని అడిగాడు. ప్యాకేజీలు మూడూ అటూ ఇటూగా ఒకటే. మూడు కంపెనీల హెచ్‌ఆర్‌కూ ఒకే మెయిల్ పెట్టమన్నాను: 'మీ దగ్గర గత ఏడాది మానేసినవాళ్లలో ఒకరితో మాట్లాడాలనుకుంటున్నాను. వారిని అడిగి నంబరు ఇప్పించగలరా?'

ఒకరు జవాబివ్వలేదు. ఒకరు పాలసీ ఒప్పుకోదన్నారు. మూడోవారు మర్నాటికల్లా ఇద్దరి నంబర్లు పంపారు. వాడు అక్కడే చేరాడు.